పేరు చాలదు, లెక్క కావలెను

ఎద్దును కొనువాడు జాతి పేరు విని సొమ్ము చెల్లింపడు. మన ప్రాంతపు పశువుల కీర్తి సముద్రములు దాటి బ్రెజిలు దేశమును జేరినది. ఒంగోలు జాతి సంతతిని అచ్చటివారు నేటికిని మన యూరి పేరుతోనే 'నెలోర్' అని పిలుచుచున్నారు. అంత వాసికెక్కిన జాతియైనను, సంతకు బోయిన రైతు ఏమి చేయును? పండ్లు చూచును, సుడులు చూచును, గిట్ట తట్టి చూచును, పది బారలు నడిపించి చూచును. అమ్మువాడు జాతిని గూర్చి యెంత పొగడినను "జాతి సరే, ఈ యెద్దు సంగతి యేమి?" అని యడుగును. ఇంత వివేకము గల మనమే అరువది లక్షలో ఎనుబది లక్షలో పోసి గొప్ప మోటారు కారును గొనునప్పుడు మాత్రము ముందుభాగమున మెఱయు బిళ్ళను జూచి మురిసి, మఱియొక ప్రశ్న వేయక చెక్కు వ్రాసి యిచ్చుచున్నాము.

ఈ వైపరీత్యమునకు కొనువాని యవివేకము కొంత కారణము. అసలు కారణము వేఱొకటి కలదు. ఎద్దు పండ్లు సంతలో అందఱికిని గనబడును. కారు పండ్లను కంపెనీ మూసిపెట్టినది, ప్రభుత్వము తెఱపింపలేదు. ఏ మోడలు ఎన్ని యేండ్లకు చెడుచున్నది, ఏ యింజనులో ఏ భాగము తఱచుగా విఱుగుచున్నది, ఎన్ని బండ్లు నడిరోడ్డుపై నిలిచిపోవుచున్నవి అను లెక్కను మన దేశమున ప్రభుత్వము ప్రజల యెదుట బెట్టుటలేదు. బెట్టవలయుననియే మా వాదము. కంపెనీ పేరును బట్టి నమ్మకము నిర్ణయింపరాదు. మోడలును, ఇంజనును, సంవత్సరమును బట్టి నిర్ణయింపవలయును. అట్లు నిర్ణయించుటకు వలయు లెక్క ప్రజల హక్కు.

ఒక్క కంపెనీని దీసికొని పరిశీలింతము. బి.ఎం.డబ్ల్యు. అను జర్మను కంపెనీ మనకు దూరపు పేరు కాదు. చెన్నపట్టణమునకు దక్షిణమున చెంగల్పట్టు చెంత మహీంద్రా వరల్డ్ సిటీలో 2007 మార్చిలో ఆ కంపెనీ కర్మాగారము తెఱవబడినది. మొదట 3 సిరీసు, 5 సిరీసు కార్లు అచ్చట కూర్పబడినవి. నెల్లూరినుండి జాతీయ రహదారి పట్టినచో ఒక పూట ప్రయాణము. ఆ కంపెనీ కార్లన్నియు ఉక్కుముక్కలని కొందఱును, అన్నియు ఖర్చుల పుట్టలని కొందఱును మన రచ్చబండలమీద వాదించుకొనుచుందురు. ఇరుపక్షముల మాటయు నిలువదు. ఏలయన ఆ యొక్క బిళ్ళ క్రిందనే గుణమున ఏ మాత్రము పోలికలేని యింజనులు అమ్ముడుపోయినవి.

2007 మొదలు ఇంచుమించు 2014 వఱకు ఆ కంపెనీవారి నాలుగు సిలిండర్ల డీజిలు కార్లలో ఎన్ 47 అను ఇంజను వాడుకలో నుండెను. 320డి, 520డి మొదలగు మోడళ్ళలో దీనిని బెట్టిరి. మైలేజికి మంచి పేరు దెచ్చుకొన్న యింజను. కాని దాని టైమింగు చెయినును ముందువైపున గాక, వెనుక గేరుబాక్సు వైపున అమర్చిరి. చెయిను అరిగి సడలినచో గరగర శబ్దము పుట్టును. తెగినచో వాల్వులు పిస్టనులకు తగిలి ఇంజను లోపలి భాగములు నాశనమగును. ముందువైపున నున్న చెయినును మార్చుట మెకానిక్కునకు అంత కష్టము గాదు. వెనుకనున్నదానిని జేరవలెనన్న గేరుబాక్సునో, ఇంజనునో క్రిందికి దింపవలసినదే. చెయిను వెల కొంచెము. దానిని చేరుటకగు కూలి కొండంత.

ఇంకను ఖరీదైన కారును గొన్నచో ఈ బాధ తప్పునుగదా యని తలచువారు కలరు. వారు ఎన్ 63 అను ఇంజను కథను వినవలయును. 4.4 లీటర్ల ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను ఇది. 2008లో వచ్చినది. 750ఐ వంటి దొరల కార్లలోను, ఎక్స్ 6 వంటి పెద్ద బండ్లలోను దీనిని బిగించిరి. రెండు టర్బోలను సిలిండర్ల రెండు వరుసల నడిమి పల్లములో ఇమిడ్చిరి. బలము వచ్చినది; దానితోపాటు వేడియు వచ్చినది. ఆయిలు త్రాగుట, ఇంజెక్టర్లు చెడుట, టైమింగు చెయిను సడలుట, బ్యాటరీ అకాలమున చచ్చుట అను ఫిర్యాదులు పోగుపడినవి. తుదకు 2014 డిసెంబరులో ఆ కంపెనీయే అమెరికాలోని యజమానులకై ప్రత్యేకమైన యేర్పాటొకటి ప్రకటించి, ఆ భాగములను పరీక్షించి అవసరమైనచో తన ఖర్చుతో మార్చుటకు పూనుకొనెను. ఆయిలు మార్చవలసిన గడువును గూడ తగ్గించెను. చిన్న కారుకంటె పెద్ద కారు ఎక్కువ నమ్మదగినదను భ్రమ అంతటితో తీఱవలసినది.

అదే కంపెనీ 2015లో బి 58 అను ఆఱు సిలిండర్ల పెట్రోలు ఇంజనును దెచ్చెను. గట్టిదనమునకు లోకమంతట పేరుపడిన టొయోటావారు 2019లో తమ సుప్రా కారు కొఱకు దీనినే గైకొనిరి. మోటారు పత్రికలు మెచ్చిన యింజను, మెకానిక్కులు మెచ్చిన యింజను. బిళ్ళ యొక్కటే, కంపెనీ యొక్కటే, పుట్టిన కాలము నడుమ పట్టుమని పదేండ్లు లేవు. అయినను ఒకటి యజమానిని షెడ్డు చుట్టు ప్రదక్షిణము చేయించును. మఱొకటి నోరెత్తక పని చేయును. అట్టిచో "ఆ కంపెనీ కారు మంచిదా?" యని యడుగుట "ఆ యింటివారు మంచివారా?" యని యడిగి ఇంటిలోని పదిమందికిని ఒకే తీర్పు చెప్పుటవంటిది.

మోడలు వారీ లెక్క యున్నచోట ప్రభుత్వమేమి చేయగలదో దక్షిణ కొరియా చూపినది. 2018 వేసవిలో ఆ దేశపు రోడ్లమీద ఈ కంపెనీ డీజిలు కార్లు, ముఖ్యముగా 520డి మోడలు కార్లు, ఒకదాని తరువాత నొకటి అంటుకొనినవి. పొగను మరల ఇంజనులోనికి పంపు యంత్రాంగమునకు చల్లదనమిచ్చు భాగము కారి, ఆ తడి మసితో గలిసి పేరుకొని నిప్పంటుకొనుచున్నదని తేలినది. జూలైలో లక్షకు పైగా కార్లను వెనుకకు పిలిపించిరి. ఆగస్టులో, పరీక్ష చేయించుకొనని కార్లు రోడ్డెక్కరాదని ప్రభుత్వము శాసించినది. డిసెంబరులో విచారణ సంఘము, కంపెనీ ఈ లోపమును ముందే యెఱిగియు ఆలస్యము చేసినదని తేల్చగా, ప్రభుత్వము 1,120 కోట్ల వోనుల జరిమానా విధించినది. కంపెనీ ఆ నిందను ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్నను ఒప్పుకొనకున్నను, ఏ మోడలు ఎన్ని తగులబడినవో లెక్క ప్రభుత్వము చేతిలో నుండినది. ఆ లెక్కయే దానికి చేవనిచ్చినది.

2024 సెప్టెంబరులో మఱొక సంగతి జరిగినది. కాంటినెంటల్ అను సరఫరా కంపెనీ యిచ్చిన బ్రేకు యంత్రాంగములో లోపము కనబడి, బి.ఎం.డబ్ల్యు. ప్రపంచమంతట 15 లక్షల కార్లకు ఆ లోపము సోకియుండవచ్చునని ప్రకటించినది. ఆ జాబితాలో మినీ కార్లును కలవు, రోల్స్ రాయిస్ కార్లును కలవు. మహారాజులు ఎక్కిన బిళ్ళకును, పట్టణపు చిన్న కారు బిళ్ళకును లోపల నొకే భాగము! పైన పటారము చూచి లోన లొటారము లేదనుకొనుట ఎంత పొరపాటో ఇంతకంటె వేఱు సాక్ష్యము కావలెనా?

ఇక మన యింటి సంగతికి వత్తము. హైదరాబాదునకు జెందిన జి.వి.ఆర్. ఇండియా ప్రాజెక్ట్స్ అను సంస్థ 2009 సెప్టెంబరు 25న ఇదే కంపెనీ 7 సిరీసు కారును గొనినది. నాలుగు దినములు తిరుగకమునుపే, సెప్టెంబరు 29న, కారులో తీవ్రమైన లోపము కనబడినది. షెడ్డునకు బోయి వచ్చినది. నవంబరు 13న మరల అట్టి చిక్కే. నవంబరు 16న పోలీసులకు ఫిర్యాదు. 2012 మార్చిలో నాటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు మోసపు నేరమును కొట్టివేసి, లోపమున్న కారునకు బదులు క్రొత్త కారు నిమ్మని కంపెనీని ఆజ్ఞాపించినది. కొన్నవారు కారు వలదు, సొమ్మే కావలెననిరి. వ్యాజ్యము సుప్రీంకోర్టునకు బోయినది. 2024 జూలై 10న ఆ న్యాయస్థానము, మోసపు నేరము నిలువనప్పుడు కారు మార్చి యిమ్మనుట సరిగాదనియు, వివాదమును పూర్తిగా ముగించుటకై కంపెనీ 50 లక్షల రూపాయలు చెల్లింపవలెననియు తీర్పు చెప్పినది. లోపము బయటపడుటకు నాలుగు దినములు, పరిహారము చేతికందుటకు పదునేను సంవత్సరములు!

ఈ తీర్పునకు ముందునాడే, 2024 జూలై 9న, మెర్సిడెస్ బెంజ్ కార్లను గూర్చిన రెండు పాత వ్యాజ్యములను సుప్రీంకోర్టు తేల్చినది. ఒక కారు లోపలిభాగము విపరీతముగా వేడెక్కుచుండెనని ఫిర్యాదు. మఱొక కారు ఢీకొన్నప్పుడు ఎయిర్ బ్యాగులు విచ్చుకొనలేదని ఫిర్యాదు. సంస్థ పేర గొనిన కారును డైరెక్టరు వాడుకొనినంత మాత్రమున అది వ్యాపార ప్రయోజనము గాదనియు, అట్టివారును వినియోగదారులేననియు న్యాయస్థానము చెప్పినది. ఫిర్యాదు వినుటకు అర్హత కలదా లేదా యను ద్వారముకడనే ఏండ్లు గడచుచున్నవన్నమాట. పెద్ద సంస్థలు, పెద్ద వకీళ్ళు, పెద్ద పెట్టుబడి గలవారి గతియే ఇట్లున్నప్పుడు సామాన్యుని గతి యేమి?

న్యాయవాద వృత్తిలో నుండి, వినియోగదారుల ఉద్యమమున సేవకులుగా తిరుగు మాకు ఈ కష్టము లోతు తెలియును. 1986 నాటి చట్టము పోయి 2019 చట్టము వచ్చినది. 2020 జూలై నుండి అమలులో నున్నది. తయారుచేసినవాని బాధ్యతను గూర్చి అందు ప్రత్యేకమైన అధ్యాయమే కలదు. చట్టము మంచిదే. కాని 50 లక్షలకు మించి చెల్లించి కొన్న వస్తువును గూర్చిన ఫిర్యాదును నెల్లూరు జిల్లా కమిషను వినజాలదు, విజయవాడకు బోవలయును. రెండేండ్లలోపల ఫిర్యాదు చేయవలయును. లోపము కంటికి కనబడనిదైనచో వస్తువును పరీక్షకు పంపవలయును. ఇది పుట్టుకతో వచ్చిన లోపమని ఋజువు చేయు భారము కొన్నవానిపైననే పడును. కంపెనీ వకీలు లేచి "ఇది యీ యొక్క కారునకు వచ్చిన చిక్కు, యజమాని నడుపుటలో దోషము" అనును. ఆ మోడలు కార్లు మఱి నూఱు చెడినవని ఫిర్యాదిదారుడు చూపగలిగిన ఆ వాదము నిలువదు. చూపుట యెట్లు? ఆ నూటి లెక్క కంపెనీ కంప్యూటరులో నున్నది. మేడమీద ధాన్యమున్నది, తాళము వర్తకుని మొలలో నున్నది. కొలిచి చూపుమని ఆకలిగొన్నవానిని అడుగుచున్నారు.

ప్రభుత్వమేమియు చేయలేదని యనుట న్యాయము గాదు. 2012లో కార్ల తయారీదారుల సంఘము స్వచ్ఛందముగా కార్లను వెనుకకు బిలుచు పద్ధతిని బెట్టుకొనినది. 2021 ఏప్రిల్ 1 నుండి నిర్బంధ నియమములు వచ్చినవి. ఫిర్యాదులు నిర్ణీత సంఖ్యకు మించినచో ప్రభుత్వము విచారించి కార్లను వెనుకకు బిలిపింపవచ్చును. 10 లక్షలు మొదలు కోటి రూపాయలవఱకు జరిమానా వేయవచ్చును. 2023 అక్టోబరునుండి ఢీకొన్నప్పటి భద్రతకు నక్షత్రములిచ్చు భారత్ ఎన్‌క్యాప్ పరీక్షయు నడచుచున్నది. ఇవన్నియు మేలే. కాని నిర్బంధ నియమములు ఏడేండ్లలోపు బండ్లకే వర్తించును; రోడ్డు భద్రతకో పర్యావరణమునకో ముప్పు తెచ్చు లోపమునకే వర్తించును. నడిరాత్రి నాయుడుపేట దగ్గఱ ఆగిపోయి కదలని కారు, ఆఱు లక్షల బిల్లు చేతబెట్టు ఇంజను, ఆ నియమముల కంటికి ఆనవు. నక్షత్రములు ఢీకొన్ననాటి సంగతి చెప్పును; ఢీకొనకుండ నడచిన పదేండ్ల సంగతి చెప్పవు.

ఇతర దేశములను జూడుడు. బ్రిటనులో మూడేండ్లు నిండిన కారు ఏటేట పరీక్షకు బోవలయును. నంబరు చెప్పినచో ఆ కారు ఏ యేట ఏ లోపముతో తప్పినదో ఎవ్వరైనను, పైసా చెల్లింపక, తెలిసికొనవచ్చును. దేశమంతటి ఫలితములు పేర్లు తొలగించి ప్రజలకు విడువబడుచున్నవి. జర్మనీలో పరీక్షాసంస్థలవారు మోడలు వారీగా, వయస్సు వారీగా లోపముల పట్టికను ఏటేట ప్రచురింతురు. అచ్చటి మోటారు యజమానుల సంఘమైన ఏ.డి.ఏ.సి. తన సహాయకులు రోడ్డుమీద ఏ యే కార్లను లేవనెత్తవలసివచ్చెనో లెక్క చెప్పును. అమెరికాలో 1936లో పుట్టిన వినియోగదారుల సంస్థ లక్షలాది యజమానులనడిగి తన కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రికలో మోడలు వారీగా ఫలితములు వేయుచున్నది. 2024 డిసెంబరు పట్టికలో సుబారు, లెక్సస్, టొయోటా మొదట నిలిచినవి. జర్మనీవారు తమ కంపెనీల లోపములను తామే అచ్చువేసికొనుచున్నారు. అందువలన జర్మను కంపెనీలు మునిగిపోలేదు; భయముతో బాగుపడినవి. మన దేశమున సొంత కారు రిజిస్ట్రేషను పదునైదేండ్లవఱకు చెల్లును. అంతవఱకు దానిని పరీక్షకు బిలుచు దిక్కులేదు. లెక్క పుట్టు చోటే లేనప్పుడు లెక్క యెక్కడిది?

పరదేశపు పట్టికను దెచ్చుకొని చదివికొన్న చాలదా యని కొందఱందురు. చాలదు. మైపాడు గాలికిని మ్యూనిచ్ గాలికిని పోలిక యేమి? మన తీరమున ఇంటి కిటికీ ఊచలే నాలుగేండ్లకు తుప్పుబట్టి పొరలు విడుచుచున్నవి. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు ప్రక్కల రొయ్యల గుంటల గట్లమీద దినము నిలుచు కారునకు క్రింది రేకులు, బ్రేకు డిస్కులు, వైర్ల కనెక్టర్లు, ఏ.సి. కండెన్సరు ఉప్పుగాలిని పీల్చుచుండును. 2025 నాటికి మన పెట్రోలులో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిసినది. అంతకు మునుపటి విదేశపు ఇంజనులు దానికై పుట్టినవి గావు. డీజిలు కారు మసిబట్టు ఫిల్టరు శుభ్రపడుటకు దూరపు పరుగు కావలయును. ఇంటినుండి గుంటకు, గుంటనుండి బజారుకు తిరుగు కారులో అది మూసికొనిపోవును. 2021 నవంబరులో పెన్న పొంగి కోవూరు చెంత జాతీయ రహదారియే తెగినది. చెన్నపట్టణమున 2015లోను, 2023లోను వరదనీట కార్లు మునిగినవి. మునిగిన కారు కడిగి తుడిచి తలతల మెఱయుచు ఏ సంతకు వచ్చునో ఎవరికి దెలియును? ఈ గాలి, ఈ నీరు, ఈ పెట్రోలు మనవి. వీటి నడుమ ఏ మోడలు నిలుచునో చెప్పు లెక్కయు మనదే కావలయును.

"ధనవంతుల కార్ల గూర్చి ఇంత శోకమేల? పల్లెకు బస్సు లేదు, పత్రికకు వేఱు పని లేదా?" యని యడుగువారికి మా జవాబు వినుడు. గొప్ప కారు ధనవంతుని యింట పుట్టును, అక్కడ చావదు. అయిదాఱేండ్లు తిరిగి, హామీ గడువు తీఱిన పిదప, మొదటి వెలలో మూడవ వంతుకో నాల్గవ వంతుకో చేతులు మాఱును. అప్పుడు దానిని గొనువాడెవడు? ఒక పంట రొయ్య కలిసివచ్చిన రైతు, చిన్న గుత్తేదారు, కూతురి పెండ్లికి కారు కావలెనని ఆశించిన వర్తకుడు. బిళ్ళ వన్నెను మొదటివాడు అనుభవించిపోయెను. చెయిను తెగు దినము రెండవవానికి మిగిలెను. నిర్బంధ నియమముల యేడేండ్ల గడువు సరిగా వానికే దాటిపోవును. కొన్ననాడు ఒకే వెల పలికిన రెండు మోడళ్ళలో నొకటి పదేండ్లు నడచుననియు, రెండవది వానిని అప్పులపాలు చేయుననియు చెప్పు కాగితము వాని కెవ్వరును చూపలేదు. కారు వెలలో సగము దాటిన బిల్లు చేతబట్టుకొని మావంటివారి గడప ద్రొక్కువాడు వాడే. అతనికి మేము చెప్పగలిగినది చేతులు కాలిన తరువాత ఆకులను గూర్చిన ఉపన్యాసము మాత్రమే.

మఱియు ఈ తలుపు ఒక్క గొప్ప కార్లకే తెఱచుకొనదు. బెంజి కారునకు లెక్క ప్రచురించు చట్టమే ఆటోకును, ట్రాక్టరునకును, సరకు లారీకిని లెక్క ప్రచురించును. ట్రాక్టరు గేరుబాక్సు విఱిగిన రైతునకు సుప్రీంకోర్టు దాక పోవు స్తోమత లేదు. స్తోమత గలవాని వ్యాజ్యములో గెలిచిన హక్కు లేనివానికిని దక్కును. గొప్పవాని గోడు గదాయని మనము మూతి ద్రిప్పుకొన్నచో, పేదవాని గోడు వినుటకు దారియే మూసికొనిపోవును.

కంపెనీల పక్షమున చెప్పు మాటలు మూడు. మీ రోడ్లు చెడ్డవి, మీ పెట్రోలు చెడ్డది, మీ డ్రైవర్లు చెడ్డవారు అనునది మొదటిది. ఈ రోడ్లు, ఈ పెట్రోలు, ఈ డ్రైవర్లు ఇట్లున్నారని తెలిసియే గదా షోరూములు తెఱచినది? సొమ్ము పుచ్చుకొను దినమున కానరాని గతుకులు కారు చెడిన దినమున కానవచ్చునా? అంకెలను ప్రజలు అపార్థము చేసికొందురనునది రెండవది. ఎక్కువ తిరిగిన కారును తక్కువ తిరిగిన కారుతో పోల్చుట అన్యాయమే. జర్మనీ పట్టికలో వయస్సును విడదీసి, తిరిగిన దూరమును ప్రక్కన వేయుచున్నారు, మనకది చేతగాదా? అమ్మకములు తక్కువగు మోడళ్ళకు లెక్క నిలువదనునది మూడవది. నూటికి ఎన్ని చెడినవో చెప్పుటకు లక్ష కార్లు అక్కఱలేదు. లోపము బయటపడినప్పుడు కంపెనీవారు సరఫరాదారునిమీదను, సరఫరాదారు డీలరుమీదను, డీలరు డ్రైవరుమీదను త్రోయుదురు. అందఱును శ్రీవైష్ణవులే; బుట్టలో రొయ్యలు మాత్రము మాయము.

ప్రభుత్వమునకు ఇందు బాధ్యత యెంత గలదో సొమ్మును బట్టియే చెప్పవచ్చును. 2025 సెప్టెంబరు 22 నుండి పెద్ద కార్లపై వస్తుసేవల పన్ను నూటికి 40. దానిపై రాష్ట్రపు జీవితకాలపు పన్ను వేఱు. 2025 జూలై 24న బ్రిటనుతో కుదిరిన వర్తకపు ఒడంబడిక ప్రకారము, నూటికి నూఱు దాటియున్న దిగుమతి సుంకము నిర్ణీత సంఖ్యగల కార్లకు క్రమముగా నూటికి పదికి దిగనున్నది. విదేశపు బిళ్ళలు ఇకముందు ఇంకను ఎక్కువగా మన రేవులలో దిగును. కారు వెలలో నింతటి పాలు తాను బుచ్చుకొని, కారు గుణమును గూర్చి ఒక్క పుట కాగితమైనను చూపని ప్రభుత్వము తూకపురాళ్ళను తనిఖీ చేయక సంతపన్ను మాత్రము వసూలుచేయు గుత్తదారువంటిది.

మేము కోరునది గొంతెమ్మ కోరిక గాదు. ప్రతి కంపెనీయు, తాను అమ్మిన ప్రతి మోడలునకును, ఇంజనునకును, తయారైన సంవత్సరమునకును విడివిడిగా, హామీ కాలములో మార్చిన పెద్ద భాగముల సంఖ్యను ఏటేట ప్రభుత్వమునకు దాఖలు చేయవలయును. వాహన పరీక్షాకేంద్రముల ఫలితములను యజమానుల పేర్లు తొలగించి మోడలు వారీగా ప్రచురింపవలయును. సొంత కార్లకు పదునైదేండ్ల నిరీక్షణమును తగ్గించి మధ్యలో ఒకటి రెండు పరీక్షలు విధింపవలయును. నిర్బంధముగా వెనుకకు బిలుచు నియమములలోని యేడేండ్ల గడువును పెంచవలయును. వరదలో మునిగి బీమా సొమ్ము పొందిన కారు రిజిస్ట్రేషను కాగితముపై ఆ మాట వ్రాయవలయును. వీనిలో ఏ యొక్కదానికిని క్రొత్త శాఖ అక్కఱలేదు. ఉన్న శాఖలకు మనసు అక్కఱ.

ప్రభుత్వము కదలువఱకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండనక్కఱలేదు. ఈ తీరమున కావలినుండి తడవఱకు ప్రతి పట్టణములోను గ్రంథాలయము కలదు, పఠనమందిరము కలదు. ఒక్కొక్కచోట నొక లెక్కపుస్తకము తెఱవుడు. కారు మోడలు, ఇంజను, సంవత్సరము, తిరిగిన కిలోమీటర్లు, చెడిన భాగము, చెల్లించిన బిల్లు — ఇవి వ్రాయుడు. యజమాని పేరు అక్కఱలేదు. మెకానిక్కులను బిలిచి కూర్చుండబెట్టి అడుగుడు. వారికి తెలిసినంత ఏ షోరూము సేల్సుమానునకును తెలియదు. రెండవచేతి కారును గొనబోవువారు బిళ్ళను గూర్చి కాక, ఇంజను సంకేతమును గూర్చి అడుగుడు. సర్వీసు పుస్తకము చూపుమనుడు. కంపెనీ వెనుకకు బిలిచిన పని జరిగినదో లేదో చాసిస్ నంబరు చెప్పి కనుగొనుడు. ఒకే లోపముతో పదిమంది తేలినచో, పదిమందియు విడివిడిగా ఏడువక ఒక్క ఫిర్యాదుగా కమిషను ముందునకు బోవుటకు 2019 చట్టము 35వ సెక్షను దారి యిచ్చుచున్నది. ఒంటరివాని మాట ఆరోపణ. పదిమంది మాట సాక్ష్యము.

సంతలో ఎద్దు పండ్లు దాచి అమ్మజూచువానిని మన రైతు ఏమి చేయునో అందఱికిని దెలియును. త్రాడు వదలి, పలుపు దులిపి, ప్రక్క దుకాణమునకు బోవును. కారు పండ్లు చూపనివానిని గూడ అట్లే వదలి పోగలిగిన దినమున, కంపెనీలు తామే వచ్చి నోరు తెఱచి చూపును. ఆ దినము రావలెనన్న లెక్కపుస్తకము నేడే తెఱవవలయును.